థర్డ్ క్లాసుకీ అదే సైజు అచ్చు

ఏప్రిల్ మూడో వారం దాటిందంటే పేపర్లో మొదటి పేజీ ఎక్కడుందో వెతుక్కోవాలి. పైన ఒక జాకెట్, దాన్ని తిప్పితే లోపల ఇంకో జాకెట్. రెండింటి నిండా పాస్‌పోర్టు సైజు మొహాలు. మొహం కింద ర్యాంకు, ర్యాంకు కింద చిన్నగా పిల్లాడి పేరు, అన్నిటికీ పైన తాటికాయంత అక్షరాల్లో కాలేజీ పేరు. దేశంలో ప్రభుత్వం పడిపోయినా ఆ కబురు మూడో పేజీలో చదువుకోవాల్సిందే. మా మనవడు మాత్రం "తాతయ్యా, అసలు పేపరు లోపలుంటుంది, పైది తీసి పారెయ్" అంటాడు. వాడికి అది తొడుగు. ఉద్యోగమంతా మొదటి పేజీకి భయపడుతూ బతికినవాణ్ణి, నాకు అలా పారెయ్యడం రాదు.

హిందూ పత్రిక మొదటి పేజీ నిండా 1958 దాకా ప్రకటనలే ఉండేవి కదా అని పాత సంగతులు తెలిసినవారెవరైనా అడ్డం రావచ్చు. ఉండేవి. నాకూ తెలుసు. అవి ప్రకటనల్లాగే ఉండేవి. చూసినవాడికి ఇదేదో అమ్ముతున్నారని తెలిసేది. ఈ జాకెట్ వార్త వేషం కట్టుకుని వస్తుంది. పైన పేపరు పేరుంటుంది, తారీఖు ఉంటుంది, 'జాతీయస్థాయిలో విజయదుందుభి' అన్న ధోరణిలో ఒక శీర్షిక ఉంటుంది. అది మేం డెస్కులో కూర్చుని పెట్టే రకం శీర్షికే. ఇప్పుడు కాలేజీవాళ్లే రాసి పంపిస్తారు, సైజుతో సహా.

మా రోజుల్లో పిల్లల చదువు పేపరుకెక్కేది ఏడాదిలో కొద్ది రాత్రులే. పదో తరగతి ఫలితాలొచ్చిన రాత్రి, ఇంటర్మీడియట్ ఫలితాలొచ్చిన రాత్రి. డెబ్బైల్లో నేను విజయవాడలో ఒక దినపత్రికలో ప్రూఫ్ రీడరుగా చేరాను. తర్వాత సబ్ ఎడిటర్నయ్యాననుకోండి, కానీ నన్ను మనిషిని చేసింది ఆ ప్రూఫు బల్లే. హైదరాబాదు నుంచి హాల్‌టికెట్ నంబర్ల జాబితాలు కట్టలుగా వచ్చేవి. ఫోర్‌మన్ వాటిని ముక్కలు చేసి కంపోజిటర్లకు పంచేవాడు. ఒక్కొక్క అంకె చేత్తో ఏరి స్టిక్కులో పేర్చే కాలం. జిల్లా పేరు, దాని కింద ఫస్ట్ క్లాసు, సెకండ్ క్లాసు, థర్డ్ క్లాసు, ఒక్కోదాని కింద బారులు తీరిన నంబర్లు. అర్ధరాత్రి దాటేసరికి కేసుల్లో అంకెలు నిండుకునేవి. ఏ జిల్లా నంబర్లు ఏ అంకెతో మొదలైతే ఆ అంకె ముందు అయిపోయేది. పంచాంగాలు వేసే ప్రెస్సుల దగ్గర అంకెలు దండిగా ఉంటాయి కదా, వాళ్లని నిద్రలేపి అరువు తెచ్చుకున్న రాత్రులున్నాయి.

ప్రూఫు చూడటం ఇద్దరి పని. ఒకరు అసలు జాబితా పట్టుకుని పైకి చదవాలి, ఇంకొకరు గాలీ ప్రూఫు మీద పెన్సిలు నడపాలి. ఒకటి ఒకటి నాలుగు సున్నా ఆరు. ఒకటి ఒకటి నాలుగు ఒకటి రెండు. ఒకటి ఒకటి నాలుగు ఒకటి తొమ్మిది. గొంతు ఎండిపోయేది. మధ్యలో టీ వస్తే చదివేవాడు మారేవాడు. కింద మెషిన్ గదిలోంచి ఫారం ఇంకా రాలేదని కేకలు. అయినా ఒక్క నంబరు దాటేసి పోవడానికి వీల్లేదు. "నువ్వు ఒక్క అంకె వదిలేస్తే దివిసీమలో ఎవరో పిల్ల ఫెయిలయ్యాననుకుని నూతి గట్టు ఎక్కుద్ది" అని మా న్యూస్ ఎడిటరు వెనకాల నిలబడి మరీ అనేవాడు. మేం ఎవరం ఆ పిల్లని చూడలేదు. పేరు కూడా తెలీదు, నంబరే. ఆ నంబరు కోసం తెల్లారేదాకా కళ్లు చించుకునేవాళ్లం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, నా గోలంతా దాని గురించే. థర్డ్ క్లాసు నంబర్లకీ ఫస్ట్ క్లాసు నంబర్లకీ అచ్చు సైజు ఒకటే. ఫస్ట్ క్లాసువి ముందు వచ్చేవి, అంతే తేడా. జిల్లా పరిషత్ హైస్కూల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన రైతుకూలీ కొడుక్కీ, పట్నంలో కాన్వెంటు పిల్లకీ పేపర్లో ఒకే జాగా. ఫెయిలైనవాడి నంబరు ఉండదు, నిజమే, ఆ లేకపోవడమే వాడికి పెద్ద దెబ్బ. కానీ పాసైన ప్రతివాడూ మర్నాడు పొద్దున బస్టాండులో పేపరు పరిచి, వేలు పెట్టి, తన నంబరు తను చూసుకున్నాడు. ఇప్పుడు పాసైనవాళ్లలో నూటికి తొంభైతొమ్మిది మంది ఎక్కడున్నారు? ఏ జాకెట్లో ఉన్నారు?

మేమేమీ ధర్మసత్రం నడపలేదు. ఫలితాల రోజు కాపీలు ఎక్కువ అచ్చేసేవాళ్లం. ఏజెంట్లు ముందురోజే ఇండెంటు పెంచేవారు. బస్టాండులో కుర్రాళ్లు రెట్టింపు ధరకి అమ్మేవారు, కొనలేనివాడి నంబరు చూసిపెట్టి పావలా పుచ్చుకునే ఘనులూ ఉండేవారు. అది వ్యాపారం కాదంటే కళ్లు పోతాయి. అయితే ఆ రోజు పేపరు అమ్ముడుపోయింది అందరి నంబర్లూ అందులో ఉన్నాయి కాబట్టి. ఇప్పుడు జాకెట్ అమ్ముడుపోయేది పదిమంది మొహాలు మాత్రమే ఉండటం వల్ల.

తర్వాత టీవీలో ఆ కాలేజీల ప్రకటనలు మొదలయ్యాయి. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ ఊపిరాడనివ్వకుండా అరుస్తారే, అవి. పిల్లలు వీధుల్లో అనుకరించి నవ్వుకుంటారు. నాకు మాత్రం అది విన్నప్పుడల్లా మా ప్రూఫు బల్ల గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. మేమూ రాత్రంతా ఒకటి ఒకటి అనే చదివాం. మేం చదివిన ఒకట్లు ఊళ్లో పిల్లలవి.

అప్పట్లో రాష్ట్రంలో మొదటి ర్యాంకు ఎవరికొచ్చిందన్నది వార్తే. చాలాసార్లు అది సర్కారు గురుకులం పిల్లాడికి వచ్చేది. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు, పి.వి. నరసింహారావుగారి చలవ. ఆ మరుసటేడు తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. ఆ బడుల పేర్లు మేం పదేపదే రాశాం. విలేకరి బస్సెక్కి, దిగి, నడిచి ఆ పిల్లాడి ఊరు వెళ్లేవాడు. తండ్రి పొలంలో ఉంటే కబురు పెట్టి పిలిపించి ఫోటో తీసుకునేవాడు. సింగిల్ కాలమ్ ఫోటో, పది పన్నెండు లైన్ల వార్త. దానికి తాడికొండ బడి మా పత్రికకి పైసా ఇవ్వలేదు, మేం అడగనూలేదు. ఆ బడికి ప్రకటనల బడ్జెట్టు ఉండటమేమిటని ఎవరికైనా చెబితే నవ్విపోయేవారు.

వ్యాపారం సొమ్ము లేకుండా తెలుగు పత్రిక ఎన్నడూ నడవలేదు, అది ఒప్పుకుంటాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ రాబడితో 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికని వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసు చేరి దాన్ని దినపత్రిక చేశారు. 1924లో భారతి పెట్టారు. ఆంధ్ర గ్రంథమాల పేరుతో పుస్తకాలు వేశారు. తలనొప్పి మందు అమ్మిన డబ్బు తెలుగువాడి చదువు మీద ఖర్చయిందన్నమాట. ఇప్పుడు చదువు అమ్మిన డబ్బుతో పత్రికలు బతుకుతున్నాయి, తలనొప్పి మాత్రం పాఠకుడికి మిగిలింది. అమృతాంజనం సీసా గురించి పంతులుగారు ఏం చెప్పినా అది సీసా గురించే. మీ పిల్లాడి తలకాయ మాకు అప్పజెప్పండి అని ఆయన అడగలేదు.

చదువు అమ్మకుండానే పాఠం చెప్పిన రేడియో సంగతి చూడండి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. మా చిన్నప్పుడు బడిపిల్లల కార్యక్రమం వేళకి హెడ్మాస్టరుగారు ఆఫీసు గదిలో రేడియోని వరండాలోకి మోయించేవారు. సగం గరగర, సగం పాఠం. అయినా అది వినడం మాకు పండగే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికావాళ్ల ఉపగ్రహాన్ని అడిగి తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీలో కార్యక్రమాలు చూపించారు. సైట్ ప్రయోగం అన్నారు దాన్ని, మన రాష్ట్రమూ అందులో ఉంది. పొద్దున పూట బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. అప్పటికి విజయవాడలో టీవీ ఎలా ఉంటుందో మాకే తెలీదు. పల్లెలకు ముందు, పట్నాలకు తర్వాత! ఈ వరస ఆ తర్వాత మళ్లీ ఎప్పుడైనా జరిగిందా?

ఇంటర్ పిల్లలకి తెలుగు అకాడమి పుస్తకాలుండేవి, 1968లో పెట్టిన సంస్థ. కాగితం ముతక, బొమ్మలు మసక, ధర మాత్రం పేదవాడికి అందేది. ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర పుస్తకాల షాపులో మాస్కోలో అచ్చయిన తెలుగు సైన్సు పుస్తకాలు దొరికేవి. పెరెల్మాన్ భౌతికశాస్త్రం పుస్తకం చదివి లెక్చరర్లయినవాళ్లు నాకు తెలుసు. రష్యావాడు ఊరికే ఇచ్చాడా? వాడి ప్రచారం వాడిది. కానీ ఆ పుస్తకంలో ఉన్నది భౌతికశాస్త్రమే, చివరి పేజీలో అడ్మిషను ఫారం లేదు. మన మహీధర నళినీమోహన్‌గారు సైన్సు రాస్తే ఇంట్లో ఆడవాళ్లూ కూర్చుని చదివేవారు. ఆయన ఏ కాలేజీ తరఫున రాశారు? ఎవరి తరఫునా కాదు.

ఎనభైలు వచ్చాయి. గుంటూరు, గుడివాడ, విజయవాడ కోచింగులకి ఊళ్లకి ఊళ్లు కదిలాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కేపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ చట్టం తెచ్చింది, మంచిదే. సీట్లు డబ్బుకి కాకుండా ప్రతిభకి ఇవ్వాలన్నారు, ఎంసెట్ వచ్చింది. దాంతో ర్యాంకు అనే సరుకు పుట్టింది. అంతకుముందు ర్యాంకంటే రాష్ట్రంలో మొదటి పదిమందికి ఉండేది. ఎంసెట్ గట్టెక్కిన ప్రతివాడికీ ఒక ర్యాంకు దక్కింది, పదివేలో ఇరవైవేలో. మార్కులు చూస్తే నువ్వెంత చదివావో తెలుస్తుంది. ర్యాంకు చూస్తే నీ ముందు ఎంతమంది నిలబడ్డారో తెలుస్తుంది. ఆ ముందున్నవాళ్లని దాటిస్తామని చెప్పేవాడికి గిరాకీ రాకుండా ఉంటుందా?

పత్రికల్లో చదువుల పేజీలు కూడా ఆ ఊపులోనే వచ్చాయి. మోడల్ పేపర్లు, బిట్లు, గ్రూప్స్ నోటిఫికేషన్లు, డీఎస్సీ మెటీరియల్. మొదట్లో నేను వాటిని మెచ్చుకున్నాను, ఇప్పుడూ తిట్టను. ఊళ్లో లైబ్రరీకి వెళ్లి ఆ పేజీలు నోటు పుస్తకంలో ఎక్కించుకుని ఉద్యోగాలు కొట్టినవాళ్లున్నారు. గైడు కొనలేని పిల్లాడికి పేపరే గైడు. ఇక్కట్లు ఎక్కడ మొదలయ్యాయంటే, ఆ పేజీలకి రాసేదెవరు అన్నచోట. రాసే మాస్టార్ల పేరు కింద కోచింగ్ సెంటరు పేరు కనపడసాగింది. పాఠం ఉచితం, పాఠం కింద చిరునామా. కొన్నాళ్లకి చిరునామాకి పక్కన ఫోన్ నంబరు. ఇంకొన్నాళ్లకి ఆ సెంటరు ప్రకటన అదే పేజీలో సగం. పాఠానికి మిగిలిన జాగా ఎంతో ప్రకటనల విభాగంవాళ్లు వచ్చి చెప్పేవారు.

మా రోజుల్లో ప్రకటనల మేనేజరు మా డెస్కుకి వచ్చేది టీ తాగడానికే. కాపీ మీద చెయ్యి వేస్తే ఎడిటరుగారు కళ్లజోడు పైనుంచి ఒక చూపు చూసేవారు, అది చాలు. నేను రిటైరయ్యే నాటికి పేజీ డమ్మీ ముందు ప్రకటనల విభాగం నుంచి వచ్చేది, వార్తలు మిగిలిన గళ్లలో సర్దుకోవాలి. విద్యామేళాలని పెట్టి కాలేజీలకి స్టాళ్లు అమ్మడం, ప్రతిభా పురస్కారాలని పెట్టి ఆ స్టాళ్లు కొన్నవాళ్లకే శాలువా కప్పడం, ఆ శాలువా ఫోటోని మర్నాడు వార్తగా వేయడం. మా డెస్కు కుర్రాడొకడు ఆ వార్తకి 'మంత్రి చేతుల మీదుగా' అని శీర్షిక పెట్టి, నా వైపు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఏం చేస్తాం, నెలాఖరు.

మండలాల్లో పనిచేసే కంట్రిబ్యూటర్ల సంగతి ఇంకా అన్యాయం. వాళ్లకి జీతం అన్నదే లేదు, ఉన్నా సెంటీమీటర్ల లెక్కన చిల్లర. పత్రిక వార్షికోత్సవానికి ఇంత, సంక్రాంతికి ఇంత అని ప్రకటనల టార్గెట్. ఊళ్లో ప్రకటన ఇచ్చే స్తోమతున్నది ఎవరికి? బట్టల దుకాణం, ఆసుపత్రి, ప్రైవేటు బడి. జూన్‌లో ఆ బడి కరస్పాండెంటు దగ్గర చెయ్యి చాపినవాడు, జూలైలో ఆ బడి బస్సుకి ఫిట్‌నెస్ లేదని ఏ మొహంతో రాస్తాడు? రాస్తే మర్నాడు ఆ కరస్పాండెంటు ఫోను ఇతనికి రాదు, నేరుగా జిల్లా ప్రకటనల ఇన్‌చార్జికి వెళుతుంది.

ఇదంతా నాకు ఒక ముక్కలో కనపడే చోటు ఒకటుంది. హాస్టల్లో పిల్లాడు ఉరేసుకున్నాడన్న వార్త చూడండి. పిల్లాడి పేరుంటుంది. తండ్రి పేరుంటుంది, ఊరుంటుంది, మండలముంటుంది, ఏ గ్రూపు చదువుతున్నాడో ఉంటుంది. వార్డెను ఎన్ని గంటలకి చూశాడో ఉంటుంది. కాలేజీ పేరు దగ్గరకొచ్చేసరికి 'ఓ ప్రైవేటు కళాశాల' అవుతుంది. మరీ ధైర్యవంతులైతే 'ఓ ప్రముఖ కార్పొరేట్ కళాశాల'. ప్రముఖమైతే పేరు రాయడానికేం? పదిరోజుల కిందట అదే పేపరు మొదటి పేజీలో ఎనిమిది కాలమ్‌ల వెడల్పున ఆ పేరు అచ్చయిందిగా! బతికున్న ర్యాంకరు పక్కన కాలేజీ పేరు, పోయిన పిల్లాడి పక్కన తండ్రి పేరు. మా ప్రూఫు బల్ల మీద ఇలాంటి ఖాళీ కనపడితే పక్కన ప్రశ్నార్థకం వేసి కాపీ వెనక్కి పంపేవాళ్లం. నేను కూడా ఈ వ్యాసంలో ఏ కార్పొరేట్ కాలేజీ పేరూ రాయలేదని మీరు గమనించే ఉంటారు. నాకు లాయర్ని పెట్టుకునే ఓపిక లేదు, వాళ్లకి లాయర్ల సంఘమే ఉంది.

డబ్బు తీసుకుని వార్త రాసే రోగం గురించి ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో విచారణ జరిపించింది, 2010లో. అందులో ఒకరు మన కె. శ్రీనివాసరెడ్డిగారు, ఇంకొకరు పరంజోయ్ గుహ ఠాకుర్తా. ఎన్నికల వార్తల మీద వాళ్లిచ్చిన 71 పేజీల నివేదికని కౌన్సిల్ అప్పట్లో పూర్తిగా బయటపెట్టకుండా కుదించి ఇచ్చింది. పెద్ద పత్రికల పేర్లున్నాయి మరి. ఎన్నికలు అయిదేళ్లకోసారి, అడ్మిషన్లు ఏటా. వాటి మీద అలాంటి నివేదిక ఒకటి ఎవరైనా రాస్తారా అని చూస్తున్నాను.

ఇక ఆ ప్రకటనల్లో ఉండే లెక్కల కనికట్టు. ఒకే పిల్లాడి మొహం రెండు మూడు సంస్థల జాకెట్లలో ఉంటుంది. ఒకచోట రెండేళ్లు చదివి ఉంటాడు, ఇంకోచోట టెస్టు సిరీస్ రాసి ఉంటాడు, మూడోచోట ఏం చేశాడో ఆ ఫోటో తీసినవాడికే తెలియాలి. భూతద్దం పెట్టి చూస్తే కింద నక్షత్రం గుర్తు, దాని వివరం చీమ తలంత అక్షరాల్లో. 2019 నుంచి జేఈఈ మెయిన్‌లో పర్సంటైల్ ఇస్తున్నారు. మా వీధిలో ఒకాయన మనవడికి 97 వచ్చిందని స్వీట్లు పంచాడు, నూటికి 97 మార్కులనుకుని. పన్నెండు లక్షలమంది రాసిన పరీక్షలో 97 పర్సంటైల్ అంటే వాడి ముందు సుమారు 36,000 మంది ఉన్నారని అర్థం. ఆ సంగతి ఆయనకి చెప్పి స్వీటు చేదు చేయడమెందుకని ఊరుకున్నాను. కాలేజీవాళ్లకి తెలీదా? తెలుసు. అందుకే పర్సంటైల్ అన్న మాట చిన్నగా, అంకె పెద్దగా.

అన్నిటికన్నా పెద్ద కనికట్టు, ప్రకటనలో లేని అంకె. పదిమందికి ర్యాంకులొచ్చాయి సరే, మీ దగ్గర చేరింది ఎంతమంది? రెండు రాష్ట్రాల్లో మీ బ్రాంచీలన్నీ కలిపి ఎన్ని వేలమంది ఆ పరీక్ష రాశారు? నున్న మార్కెట్లో మామిడి బుట్ట కొనేవాడు కూడా పైవరస తీసి కింద చెయ్యి పెట్టి చూస్తాడు. రెండు లక్షలు ఫీజు కట్టే తండ్రి చూడడు, చూపించమని పత్రిక అడగదు.

2024లో నీట్ ఫలితాలొచ్చిన రోజు 67 మందికి 720కి 720 అన్నారు. దేశమంతా అల్లరై, సుప్రీంకోర్టు దాకా వెళ్లి, జూలైలో సవరిస్తే 17 మంది మిగిలారు. మేం ఒక పెళ్లి వార్తలో వరుడి ఇంటిపేరు తప్పు రాస్తే మర్నాడు 'సవరణ' అని వేసేవాళ్లం. జాకెట్లకి సవరణ జాకెట్ వేసినవారెవరూ నా కంటపడలేదు.

ప్రభుత్వాలు ఊరుకోలేదండోయ్. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పదో తరగతికి మార్కులు తీసి గ్రేడ్లు పెట్టారు, ర్యాంకుల గోల తగ్గుతుందని. గోల తగ్గలేదు, 'పదికి పది ఇంతమందికి' అని మారింది. 2022లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ మార్కులకే వచ్చింది, ర్యాంకుల ప్రకటనలు ఇవ్వకూడదని ఉత్తర్వూ ఇచ్చింది. ఇప్పుడు ర్యాంకు అన్న మాట వాడకుండా '600కి ఇన్ని' అని వేస్తున్నారు, తెలివి ఎవడి సొత్తు? కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో కోచింగ్ సెంటర్ల ప్రకటనలకి నియమాలు పెట్టింది. పిల్లాడి ఫోటో వేయాలంటే ఫలితం వచ్చాక వాడి దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి, ఏ కోర్సు చదివాడో, ఎన్నాళ్లు చదివాడో, డబ్బు కట్టాడో లేదో చెప్పాలి. చాలా బాగుంది. నా కళ్లజోడు నంబరు పెరిగిందో, ఆ వివరం నిజంగానే ఎక్కడా లేదో తేల్చుకోవాల్సి ఉంది.

పేపరు కొనడం మానేసి అంతా ఫోన్లోనే చూస్తున్నారు కాబట్టి ఈ గోల పాతదైపోయిందనేవాళ్లకి 2020 సంగతి గుర్తుచేస్తాను. కరోనాలో బడులు మూతపడ్డాయి. ఆరేళ్ల పిల్లలకి కోడింగ్ నేర్పిస్తామని వైట్‌హ్యాట్ జూనియర్ అనే కంపెనీ ప్రకటనలతో ఊదరగొట్టింది. అందులో వుల్ఫ్ గుప్తా అని ఒక పిల్లాడు, కోడింగ్ నేర్చుకుని గూగుల్‌లో కోట్ల జీతం కొట్టేశాడట. ఒక ప్రకటనలో వాడికో వయసు, ఇంకో ప్రకటనలో ఇంకో వయసు. జీతమూ అంతే. జనం వెతికితే తేలిందేమిటంటే అసలు అలాంటి పిల్లాడే లేడు. ప్రకటనల ప్రమాణాల మండలి చెప్పాక అయిదు ప్రకటనలు తీసేశారు. మా రోజుల్లో ఉన్న పిల్లాడి నంబరు పొరపాటున ఎగిరిపోతుందేమోనని భయపడ్డాం. వీళ్లు లేని పిల్లాణ్ణి పుట్టించి కొలువిచ్చారు.

ఆ కంపెనీని అదే ఏడు 30 కోట్ల డాలర్లకి కొన్నది బైజూస్. క్రికెట్ జట్టు చొక్కా మీద బైజూస్, ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో బైజూస్, మెస్సీ చేతిలో బైజూస్. ఒక దశలో దాని విలువ 2,200 కోట్ల డాలర్లన్నారు. చివరికి ఆ చొక్కా మీద పేరేసుకున్నందుకు క్రికెట్ బోర్డుకి కట్టాల్సిన 158 కోట్ల రూపాయలు కట్టలేదని 2024 జూలైలో దివాలా విచారణలోకి వెళ్లింది. పాఠాలు చెప్పే కంపెనీ ప్రకటన బాకీతో కూలడం నేను చూస్తాననుకోలేదు. అది ఆకాశంలో ఉన్నన్నాళ్లూ వ్యాపారం పేజీల్లో దాని మీద వచ్చినవన్నీ విజయగాథలే. ఆ పాఠాలతో ఎంతమంది పిల్లలకి లెక్కలొచ్చాయని అడిగిన వార్త ఒక్కటైనా చదివానా అని ఆలోచిస్తే గుర్తు రావడం లేదు.

ఆ రోజుల్లోనే హైదరాబాదులో మా కోడలికి ఏదో యాప్ తాలూకు అబ్బాయి రోజూ ఫోన్ చేసేవాడు. "మేడమ్, మీ బాబు క్లాసులో వెనకబడిపోతున్నాడు" అని మొదలుపెట్టాడట. మా వాడికి అప్పటికి ఎనిమిదేళ్లు, ఎవరికన్నా వెనకబడ్డాడో అతనికెలా తెలుసు? ఫోను నేను తీసుకుని "నాయనా, నీ చదువేమిటి?" అని అడిగాను. బీటెక్కట. మంచి మార్కులేనట. ఏ కాలేజీ అని అడిగితే చెప్పాడు. ఆ ఏడు వాళ్ల కాలేజీ జాకెట్లో నీ ఫోటో వచ్చిందా అని అడిగితే "లేదండీ" అని, కాసేపాగి, "సార్, ఈఎంఐ కూడా ఉందండి" అన్నాడు. పాపం, అతని టార్గెట్ అతనిది.

"మీ కాలంలో అంత గొప్పగా ఉంటే ఇంత జనం చదువుకోకుండా ఎందుకుండిపోయారు తాతయ్యా?" అని మనవడు దెప్పుతుంటాడు. నిజమే, మా బల్ల మీదికి వచ్చిన నంబర్లు ఇప్పటితో పోలిస్తే పిడికెడు. ఆడపిల్లల నంబర్లు ఇంకా తక్కువ. ఇప్పుడు ఊరూరా బీటెక్కులున్నారు, అమెరికాలో ఉన్నారు. అందులో ఆ కాలేజీల వాటా లేదని నేననను. వాళ్లు పాఠం చెప్పుకోనీ, ఫీజు తీసుకోనీ. పేపరు కూడా వాళ్ల దగ్గర ప్రకటన తీసుకోనీ. ఆ ప్రకటన పక్కనే 'చేరింది ఇంతమంది' అని ఒక్క అంకె వేయమంటున్నాను. మా పాత అంకెలే, అరువు తేవాల్సిన పని కూడా లేదు.

మొన్న ఈ మాటే మా పాత ఆఫీసులో ఇప్పుడు పెద్ద సీట్లో ఉన్న శిష్యుడికి ఫోన్ చేసి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "గురువుగారూ, బాగుంది, రాసివ్వండి, ఆదివారం లోపలి పేజీల్లో చూస్తాను" అన్నాడు. లోపల కాదురా, మే నెలలో, మొదటి పేజీలో వేయి అన్నాను. కాసేపు కీబోర్డు టకటకలు వినిపించాయి.

"మే మొత్తం బుక్కయిపోయింది గురువుగారూ. జూన్ రెండో వారంలో ఒక జాకెట్ ఖాళీ ఉంది, రేటు కార్డు వాట్సాప్ చేస్తాను. రిటైరైన స్టాఫ్‌కి డిస్కౌంటు ఏమైనా ఉందేమో ప్రకటనల వాళ్లని కనుక్కుంటాను. జీఎస్టీ మాత్రం తప్పదు."